ఊతవల

మా విశ్వవిద్యాలయంలో 'లేదు' అని రాయడం నేరం. కోపంతో అంటున్న మాట కాదిది, సర్క్యులర్ నంబరుతో సహా చెప్పగలను. రెండేళ్ళ కిందట గ్రేడులిచ్చే బృందం వచ్చి చూసి, తిని, వెళ్ళింది. మేం ఆశించిన గ్రేడు రాలేదు. మేం నింపి పంపిన పట్టికల్లో ముప్ఫై ఆరు చోట్ల 'నిల్' అని ఉండటమే అందుకు కారణమని వైస్ చాన్సలర్ గారు స్వయంగా కూర్చుని కనిపెట్టారు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ విభాగమూ ఏ గడిలోనూ నిల్ అని గాని, లేదు అని గాని, సున్నా గాని, అడ్డగీత గాని పెట్టరాదు.

అప్పట్నించీ మాకు అన్నీ ఉన్నాయి. ఈతకొలను ఉందా అని ఎవరో అడిగితే 'వర్షాకాలంలో కలదు' అని రాశాం. గుర్రపుస్వారీ శిక్షణ ఉందా అంటే 'గుర్రం మినహా సర్వం సిద్ధం' అని రాశాం. ఈ జవాబులు చాలావరకు నావే. నేను పరిశోధన సెక్షన్ సూపరింటెండెంటుని. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసులో నా నోట్ ఫైలు మీద ఏ అధికారీ ఎర్ర సిరా పెట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత జరిగింది అర్థం కావాలని చెబుతున్నాను.

జులైలో అమెరికా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ఒక విశ్వవిద్యాలయంతో మాకు అవగాహన ఒప్పందం ఉంది. ఆ అవగాహన దేని గురించో ఇంకా ఎవరికీ అవగాహన లేదు గాని, సంతకాలు పెడుతున్న ఫొటో మాత్రం వీసీ గారి గదిలో ఉంది. ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. మతాధ్యయన శాఖల్లో డాక్టరేటు చేస్తున్న లాటినో విద్యార్థులు చాలామంది తమ ఇళ్ళలో అంత చదువు చదువుతున్న మొదటివాళ్ళట. అడిగే దిక్కు లేక, చెప్పేవాళ్ళు లేక, ఒంటరితనంతో మధ్యలోనే మానేస్తున్నారట. వాళ్ళు ఒకరికొకరు అందుబాటులో ఉండేలా, పెద్దల తోడు దొరికేలా ఒక నెట్‌వర్కు కడుతున్నామని, మీ దగ్గర అలాంటి విద్యార్థులు ఎందరు, వారికి ఏ ఆసరా ఏర్పాటు చేశారో తెలపండి అని రాశారు. చదివితే నాకూ మంచి పనే అనిపించింది. నోట్ రాయడం మొదలుపెట్టాను. 'మన విశ్వవిద్యాలయంలో లాటినో విద్యార్థులు' అని రాసి ఆగిపోయాను. ఆ వాక్యం ముగించడానికి నాకు అనుమతి లేదు.

ఫైలు పట్టుకుని రిజిస్ట్రారు ఆచార్య విరూపాక్షరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పూర్వాశ్రమంలో వాణిజ్యశాస్త్రం చెప్పేవారు. ఇప్పుడు ఉపన్యాసాలు తప్ప ఏమీ చెప్పరు.

"లాటినోలు అంటే ఎవరయ్యా?" అన్నారు.

"తెలియదండీ."

"తెలియదు అనేది కూడా నిల్ రిపోర్టు లాంటిదే. తెలుగు శాఖని పిలవండి."

తెలుగు శాఖాధ్యక్షులు ఆచార్య సుందరాచార్యులు గారు వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని, ఉత్తరం రెండుసార్లు చదివి, వ్యుత్పత్తి చెప్పారు. "తెలుగుతో సంబంధం కలవాడు తెలుగువాడు. తమిళంతో సంబంధం కలవాడు తమిళుడు. ఆ లెక్కన లాటిను భాషతో సంబంధం కలవాడు లాటినుడు. స్త్రీ అయితే లాటిని. ఇంగ్లీషువాళ్ళు పుంవాచకాన్ని లాటినో అంటున్నారు. ఇందులో సందేహానికి తావు లేదు."

సందేహానికి తావు లేదని అధ్యక్షులవారు అన్నాక ఇక వెతకడమే మిగిలింది. మూడు రోజులు పరిశోధన రిజిస్టర్లన్నీ తిరగేశాను. నాలుగో రోజు దొరికింది. తులనాత్మక మతాధ్యయన శాఖ, పరిశోధక విద్యార్థిని తుమ్మా రెజీనా. సిద్ధాంత అంశం: పల్నాటి పల్లెల్లో లాటిను చావుపాట.

ఆ పిల్ల పేరు నాకు ముందే తెలుసు. ఎందుకంటే ఆ వారంలోనే నా బల్ల మీద ఆమె అర్జీ ఒకటి ఉంది. సొంత ఊరు వెళ్ళి పని చేసుకోవడానికి పది రోజుల అనుమతి కావాలని. మా దగ్గర పరిశోధక విద్యార్థులు రోజుకి రెండుసార్లు వేలిముద్ర వెయ్యాలి. అనుమతి లేకుండా వరసగా మూడు రోజులు వెయ్యకపోతే రిజిస్ట్రేషన్ దానంతటదే రద్దు. ఆమె గైడు రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. డిసెంబరు ఆఖరుకి సిద్ధాంతగ్రంథం ఇవ్వాలి.

విషయం చెప్పగానే రిజిస్ట్రారు గారు కుర్చీలోంచి లేచారు. "ఒక్కరు చాలు. ఒక్కరు అంటే నిల్ కాదు."

మనమూ అలాంటి నెట్‌వర్కే కట్టాలని మర్నాడు సమావేశం పెట్టారు. పదకొండు మంది సభ్యులు, ఎజెండాలో తొమ్మిది అంశాలు. ఏడో అంశం: విద్యార్థిని అభిప్రాయం (సమయం ఉన్నచో). నెట్‌వర్కుకి తెలుగు పేరు పెట్టడంతోనే గంట గడిచింది. జాలం అంటే మాయాజాలంలా ఉందన్నారు. అల్లిక అంటే స్వెట్టరు గుర్తొస్తుందని హాస్టలు వార్డెన్ మేడంగారు అన్నారు. చివరికి సుందరాచార్యులు గారు 'ఊతవల' అన్నారు. ఊతం ఇచ్చే వల. అందరూ బల్లలు చరిచారు.

రెజీనాని పిలిచారు. పాతికేళ్ళ పిల్ల. సన్నగా, నల్లగా, గట్టిగా ఉంటుంది. చేతిలో ఒక పాత నోటుపుస్తకం.

"అమ్మా, మీరు లాటినో అన్న విషయం ఇంతకాలం మా దృష్టికి రాకపోవడానికి విశ్వవిద్యాలయం పక్షాన చింతిస్తున్నాం," అన్నారు రిజిస్ట్రారు గారు.

"నేనా సార్? నేను తెలుగుదాన్ని. మాది ఎర్రగుంటపాడు. మా అమ్మా నాన్నా మిరప కోతలకి పోతారు."

"ఇళ్ళలో మొదటగా చదువుకున్నవారు అని ఉత్తరంలో ఉందా లేదా?" అన్నారు రిజిస్ట్రారు గారు నావైపు తిరిగి. ఉందన్నాను. "సరిపోయింది."

"సార్, పాట లాటినండి. నేను కాదు." రెజీనా నోటుపుస్తకం తెరిచింది. "వెనకటి రోజుల్లో మా గుడిలో పూజంతా లాటిన్లోనే జరిగేది. తర్వాత తెలుగొచ్చింది. చావుపాట మాత్రం ఆడోళ్ళు వదల్లేదు. శవపెట్టెకి అటో వరస, ఇటో వరస నిలబడి పాడతారు. ఒక ముక్క ఈ వరసది, తర్వాత ముక్క ఆ వరసది. ఎవరి ముక్క వాళ్ళకే వచ్చు. మా నాయనమ్మ ఆ వరస. చచ్చిపోయే ముందు నాకు తన ముక్కలన్నీ నేర్పింది. ఈ వరసలో ఇప్పుడు మిగిలింది ఇన్నాసమ్మ అవ్వ ఒక్కతే. తొంభై ఏళ్ళు. ఆమె దగ్గర కూర్చుంటే పాట మొత్తం వస్తది సార్. లేకపోతే సగం పాటే. పది రోజులు పంపించండి, అంతే."

"ఫోనులో రికార్డు చేసి పంపమనొచ్చు గదా?" అన్నారు వార్డెన్ గారు.

"అడిగానండీ. మా పిన్ని ఫోను పట్టుకుని కూర్చుంది. అవ్వ ఒక్క ముక్క పాడి ఆగిపోయింది. ఎదటోళ్ళు అందుకోకపోతే తర్వాత ముక్క ఆమెకి గుర్తు రాదండీ. అందుకోవటం నాకే వచ్చు."

నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది, ఆ మాట దాచను. అప్పుడు రిజిస్ట్రారు గారు గొంతు సవరించుకున్నారు.

"మీ భావోద్వేగాన్ని సభ గౌరవిస్తోంది. కాని ఆలోచించండి. వల అనేది ఎవరి చుట్టూ అల్లుతాం? మీ చుట్టూ. మీరు పది రోజులు ఊళ్ళో ఉంటే మేం ఇక్కడ ఎవరికి ఊతం ఇవ్వాలి? ఉన్న ఒక్కరూ పోతే మిగిలేది ఏమిటి?"

ఆ పదం ఎవరూ నోటితో అనలేదు.

"ఇక తాను లాటినో కాదని విద్యార్థిని స్వయంగా అంటున్నారు," అని మనస్తత్వశాస్త్రం ఆచార్యులు అందుకున్నారు. "ఇది స్వీయ అస్తిత్వ నిరాకరణ. ఒంటరితనం వల్ల వస్తుంది. వారానికి రెండు కౌన్సెలింగులు అవసరం." తీర్మానించడమైనది అని నేను మినిట్సులో రాశాను. సెలవు అర్జీని 'ఊతవల పరిశీలనార్థం' అని ఫైలు చేశాను.

అలా రెజీనాకి ఊతం మొదలైంది. పదకొండు మంది సభ్యులూ మార్గదర్శకులయ్యారు. ఒక్కొక్కరూ వారానికి నలభై ఐదు నిమిషాలు ఆమెకు అండగా ఉండాలి. అండ పూర్తికాగానే ఆమె 'ఊతము పొందితిని' అనే ఫారంలో సంతకం పెట్టాలి. నెల తిరిగేసరికి మార్గదర్శకులు ఇరవై ఆరయ్యారు. ఊతవల సభ్యత్వానికి ప్రమోషన్లో పాయింట్లు ఉన్నాయని ఎవరో పుకారు పుట్టించారు. పుకారు ఎలాగూ ఉంది గదా అని వీసీ గారు దాన్ని ఉత్తర్వు చేశారు. దాంతో నలభై ఒకరయ్యారు. వారంలో అన్ని గంటలు లేవని నేను నోట్ పెట్టాను. ఆదివారాలు కూడా ఊతానికి కేటాయించడమైనది.

మాతృభాషలో మాట్లాడేవాళ్ళు లేకపోతే మనసు కుంగిపోతుందని మనస్తత్వశాస్త్రం వారు రాశారు. లాటిను ఎవరికి వచ్చు అని క్యాంపస్ అంతా విచారిస్తే ఇద్దరు తేలారు. వృక్షశాస్త్రం ఆచార్య జలంధర్ గారు, లా కాలేజీ ప్రిన్సిపాలు గారు. రోజూ నాలుగింటికి వాళ్ళిద్దరితో మాతృభాషా సంభాషణ. అధికారికంగా పర్యవేక్షించమంటే నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి.

"అజాడిరక్టా ఇండికా!" అనేవారు జలంధర్ గారు ఎంతో ఆప్యాయంగా, చెయ్యి ఊపుతూ.

"వేపచెట్టు సార్," అనేది రెజీనా.

"చూశారా, మొహం ఎలా వెలిగిందో! సొలానమ్ మెలాంజినా?"

"అవును సార్, మధ్యాహ్నం వంకాయే వండారంట. నాకు పెట్టలా."

"హేబియస్ కార్పస్," అనేవారు ప్రిన్సిపాలు గారు గంభీరంగా. ఆయన పలకరింపు ఎప్పుడూ అదే.

వంకాయ పెట్టకపోవడానికి కారణం ఉంది. లాటినోలకి మొక్కజొన్న ప్రాణమని వార్డెన్ గారు ఇంటర్నెట్‌లో చూశారు. అప్పట్నించీ రెజీనాకి పొద్దున మొక్కజొన్న ఉప్మా, మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె, సాయంత్రం ఉడకేసిన కండె. ఒకసారి మెస్సులో నేను భోజనం చేస్తుంటే చెవిన పడింది.

"అక్కా, కాస్త గోంగూర పచ్చడి వెయ్యక్కా. నోరు చచ్చిపోయింది," అంటోంది రెజీనా.

"నాకు ఎయ్యాలనే ఉందమ్మా. మేడంగారు ఊరుకోరు. నువ్వు లాటినోవంట గదా," అంది వంటామె. ఇటూ అటూ చూసి, రొట్టె కింద ఒక ముద్ద పెట్టి పైన కప్పేసింది. ఆ నెలలో ఆ పిల్లకి అందిన ఊతాల్లో ఫారం లేనిది అదొక్కటే.

రెజీనా గొడవ చెయ్యలేదు. వారానికోసారి నా దగ్గరికి వచ్చి అడిగేది. "సార్, నా కాగితం?"

"పరిశీలనలో ఉందమ్మా."

"అవ్వకి దగ్గు పట్టుకుందంట సార్. మా పిన్ని ఫోను చేసింది."

"ఆ విషయం కూడా ఒక అర్జీలో రాసివ్వు. పైకి పంపిస్తాను." నేను కూడా ఊతం ఇచ్చాననుకునేవాణ్ణి. మంచి అర్జీ ఎలా రాయాలో నేర్పాను మరి. ఆ రెండు నెలల్లో ఆమె సిద్ధాంతగ్రంథంలో ఒక్క పేజీ రాయలేదు. నలభై ఒక్క మంది అండగా నిలబడితే కూర్చోవడానికి చోటెక్కడుంటుంది?

సెప్టెంబరు మొదటివారంలో అమెరికా నుంచి రెండో ఉత్తరం వచ్చింది. మేం పంపిన నివేదిక, నలభై ఒక్క మంది గ్రూప్ ఫొటో, మధ్యలో కండె పట్టుకుని నిలబడ్డ రెజీనా, అన్నీ వాళ్ళకి చేరాయి. ఆ నెట్‌వర్కు నడిపే ఆచార్యురాలు స్వయంగా రాసింది. లాటినోలు అంటే మెక్సికో, దక్షిణ అమెరికా వంటి ప్రాంతాల మూలాలున్న వారు అని, తానూ వారిలో ఒకతెనని, తన తల్లి కూడా పొలాల్లో కూలికి వెళ్ళేదని చెప్పింది. తమ కార్యాలయం పొరపాటున మొదటి ఉత్తరం అందరికీ పంపినందుకు మన్నించమంది. చివర ఒక వాక్యం రాసింది: 'ఫొటోలో ఉన్న అమ్మాయి ఎవరైనా సరే, ఆమెకి ఏం కావాలో ఆమెనే ఒకసారి అడగండి.'

అత్యవసర సమావేశం పెట్టారు. రిజిస్ట్రారు గారు ఉత్తరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివారు.

"వారు క్షమాపణ అడిగారు. మనం పెద్దమనసుతో మన్నించాలి," అన్నారు.

"మన్నించి?" అన్నారు సుందరాచార్యులు గారు. వ్యుత్పత్తి తప్పినందుకు ఆయన కాస్త చిన్నబోయి ఉన్నారు.

"మన్నించి, వలని కొనసాగించాలి. గది కేటాయించాం. సభ్యులకి పాయింట్లు పడ్డాయి. ఇరవై ఆరున మంత్రిగారితో ప్రారంభోత్సవం. ఇప్పుడు లాటినోలు లేరు అని మనం ఎలా రాస్తాం? ఎక్కడో ఉన్నవాళ్ళు చెప్పినంత మాత్రాన మన విద్యార్థిని అస్తిత్వాన్ని మనం కాదంటామా?"

క్షమాపణ ఆమోదించడమైనది అని రాశాను. ఆఖరి వాక్యం మాటేమిటని అడిగాను. ఏం కావాలో విద్యార్థినిని అడగవలసిందిగా సూచన వచ్చింది గనుక, అందుకు ఒక ఉపసంఘం వేశారు. మెచ్చుకోవలసిన విషయం, ఆ ఉపసంఘం నిజంగానే అడిగింది. పది రోజులు, అంది రెజీనా. రిజిస్ట్రారు గారు అడ్డు చెప్పలేదు. ప్రారంభోత్సవం లోపల తిరిగి రావాలనే షరతుతో సంతకం పెట్టేశారు. సెప్టెంబరు పదకొండున ఫైలు మంజూరై నా బల్ల మీదికి వచ్చింది. ఇక నేను ఉత్తర్వు కాగితం ఇవ్వడమే తరువాయి.

కాగితం టైపు చేశాను. సంతకం అయింది. రెజీనా ఎదురుగా నిలబడి ఉంది. భుజాన బట్టల సంచీ, చేతిలో నోటుపుస్తకం. బస్సు రెండింటికి.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఊతవల విద్యార్థులకు సంబంధించిన ప్రతి కాగితం మీదా ఊతవల ముద్ర ఉండాలని ఆగస్టు సర్క్యులర్. అది నేనే డ్రాఫ్టు చేశాను. ముద్ర చేయించాం గాని, ఊళ్ళో ముద్రలు చేసేవాడు 'ఊతవల' అనేది 'ఉత్తవల' అని చెక్కాడు. దిద్దమని తిప్పి పంపాం.

"ముద్ర రావాలమ్మా. రేపు వచ్చేస్తుంది," అన్నాను.

"ముద్ర లేకుండా ఇవ్వరా సార్? అవ్వ నిన్నట్నించీ మంచం దిగలేదంట."

"ఇవ్వచ్చు. కాని రేపు ఎవరైనా ఆ కాగితం చెల్లదంటే నువ్వు వెళ్ళిన రోజులన్నీ గైర్హాజరు కింద పోతాయి, రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నీ మంచి కోసమే చెబుతున్నా."

నిజంగా ఆమె మంచి కోసమే అనుకున్నాను. ఇప్పటికీ నాకు అది తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు వచ్చింది. ముద్ర రాలేదు. ఆ పై రోజు వచ్చింది. ముద్రలవాడు పెళ్ళికి వెళ్ళాడు. తర్వాత ముద్ర వచ్చింది గాని 'ఊతవళ' అని వచ్చింది. మళ్ళీ పంపాం. రోజూ పదిన్నరకి రెజీనా వచ్చేది, "వచ్చిందా సార్?" అనేది, "రేపు" అనేవాణ్ణి. ఆ పిల్ల మాత్రం సంచీ విప్పకుండా అలాగే ఉంచిందని మెస్సు వంటామె తర్వాత చెప్పింది. పన్నెండో రోజు పొద్దున ఆమె నా దగ్గరికి రాలేదు. మిషను మీద వేలిముద్ర కూడా పడలేదు. తెల్లవారుజామున పిన్ని ఫోను చేసిందట. ఏ కాగితమూ లేకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది.

"మూడు రోజుల్లో మంత్రిగారొస్తారు," అన్నారు రిజిస్ట్రారు గారు. ఆయన మొహం మొదటిసారి పాలిపోయింది. "ఊతం పొందేవాళ్ళు లేకుండా నలభై ఒక్క మందిని వేదిక మీద నిలబెట్టమంటారా? జీపు తీసుకెళ్ళండి. మెమో ఇచ్చి, పిల్లని వెంటబెట్టుకు రండి."

మెమో నేనే రాశాను. 'ఊతమును నిరాకరించి అనధికారికముగా వెడలినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదు' అని. మంచి మెమో.

ఎర్రగుంటపాడు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం. ఊరి చివర సమాధుల దొడ్డి దగ్గర జనం ఉన్నారు. జీపు దూరంగా ఆపించి నడిచాను. ఎవరి శవమో అడగనక్కర్లేకపోయింది. సిలువ మీద ఇన్నాసమ్మ అని సున్నంతో రాసి ఉంది. అవ్వ ముందురోజు ఉదయమే పోయిందట. రెజీనా బస్సు దిగేసరికి ప్రాణం పోయి రెండు గంటలు దాటింది.

ఫాదర్ గారు ప్రార్థన ముగించి పక్కకి జరిగారు. రెజీనా శవపెట్టెకి ఒక పక్కన నిలబడింది. ఎదురు పక్క ఎవరూ లేరు. పాడటం మొదలుపెట్టింది. ఆ పిల్లకి అంత గొంతు ఉందని నాకు తెలియదు. నాలుగింటి సంభాషణల్లో అన్నాళ్ళు కూర్చున్నాను, మాలో ఒక్కరం కూడా పాడమని అడగలేదు. భాష నాకు అర్థం కాలేదు, పదాలు పల్నాటి యాసలో అరిగిపోయి ఉన్నాయి. కాని అది ఏడుపు అని, ఎవరినో గట్టిగా బతిమాలుతోందని తెలుస్తూనే ఉంది.

ఒక ముక్క పాడి ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్ళీ ఇంకో ముక్క పాడింది. మళ్ళీ ఆగింది.

"పాపం, మర్చిపోయినట్టుంది," అన్నాను పక్కనున్న పెద్దామెతో.

"మర్చిపోలా అయ్యా. ఆ ముక్క అవ్వది. పిల్లది కాదు," అందామె. ఆరోగ్యమ్మ అట, అవ్వ ఇంటి పక్కిల్లు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అవ్వా ఇట్టాగే పాడింది. మంచాన పడ్డ కాడ్నించీ సాయంత్రమైతే తన ముక్క ఎత్తుకునేది, ఆగేది. గుమ్మం వైపు చూసేది. సెలవు ఇచ్చారంట, పిల్ల ఇయ్యాల వస్తది, అందుకుంటది, అనేది. మర్నాడు మళ్ళా అదే మొదటి ముక్క. పన్నెండు రోజులు. ఆఖరికి గొంతు పోయింది, పెదాలాడించేది."

నా చొక్కా జేబులో మెమో, దాని వెనకాలే సెలవు మంజూరు చేసిన కాగితం. రెండోది ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

"సెలవు ఇచ్చాక కూడా ఆ పిల్లని రానీకుండా ఎవురయ్యా ఆపింది?" అంది ఆరోగ్యమ్మ.

మా ఆఫీసు భాషలో ఇలాంటి ప్రశ్నకి జవాబు తేలిక. నిలిపివేయడమైనది అంటాం. ఎవరు నిలిపారన్నది ఆ వాక్యంలో ఉండదు, ఉండాల్సిన అవసరం ముప్ఫై ఒక్కేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. అంతలో పాట మళ్ళీ ఆగింది, ఇద్దరం అటు తిరిగాం.